మానిందనుకున్న కంటి గాయం తెల్లవారుజామున మళ్లీ ఎందుకు లేస్తుంది?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది తెనాలి. నా వయసు 44. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, మగ్గం వర్క్ కూడా చేస్తాను. పోయిన దసరాకి మా తమ్ముడి బిడ్డను ఎత్తుకుంటే వాడి గోరు నా కుడి కంట్లో గీరుకుంది. డాక్టరు గారు చుక్కల మందు ఇచ్చారు, నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. నెలన్నర తర్వాత ఒక తెల్లవారుజామున కన్ను తెరవగానే కత్తితో గీసినంత నొప్పి, ధారగా నీళ్లు. అప్పటి నుంచి పదిహేను ఇరవై రోజులకోసారి ఇదే వరస. వంటా వార్పూ ముగించుకుని ఆసుపత్రికి వెళ్లేసరికి పదకొండవుతుంది. అప్పటికి సగం తగ్గిపోతుంది. 'కన్ను బాగానే ఉందమ్మా' అంటున్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటే ఎరుపు తగ్గుతుంది. రాత్రిళ్లు రెండు కళ్లూ ఎండిపోయినట్టు ఉంటాయి. గుడ్డల దుమ్ముకు తుమ్ములొస్తాయని రోజూ రాత్రి సెట్రిజిన్ వేసుకుంటాను. షాపతను చేప నూనె గుళికలు కూడా వాడమన్నాడు. మా అత్తయ్య గారు వేడి చేసిందని ఆముదం వేసుకోమంటున్నారు. పక్కింటావిడ చనుబాలు పిండించుకోమంది. నేను లేనిపోనిది ఊహించుకుంటున్నానని మా ఆయన అనుమానం. ఇప్పుడు నిద్రపోవాలంటేనే భయంగా ఉంది. నా చూపు పోతుందా? దీనికి అంతం లేదా?
ఒక సోదరి, తెనాలి

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది నిద్రంటేనే భయం అన్న మాట. ఈ జబ్బు ఉన్నవాళ్లు చాలామంది ఇదే చెబుతారు. పగలంతా బాగుండి, ఒళ్లు మరచి పడుకున్న వేళ వచ్చే నొప్పి కాబట్టి పడకను చూస్తేనే బెదురు పుడుతుంది. అందుకని మీరు చివర అడిగిన రెండిటికీ ముందే జవాబు చెబుతాను. ఇలాంటి గాయంతో చూపు పోవడం చాలా అరుదు. అదీ ఇన్‌ఫెక్షన్ పట్టినా పట్టించుకోకుండా వదిలేస్తేనే. ఇక అంతం ఉందా అంటే, ఉంది. ఎక్కువమందికి చుక్కలు, ఆయింట్‌మెంట్లతోనే అదుపులోకి వస్తుంది. కాకపోతే వాటిని నెలల తరబడి వాడాలి, అదీ నొప్పి లేని రోజుల్లో కూడా. చాలామంది తప్పిపోయేది ఇక్కడే. అందుకే లోపల ఏం జరుగుతోందో కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఉత్తరం చదివి జబ్బు ఇదేనని తేల్చలేను, కంటిని మిషన్ కింద పెట్టి చూడాలి. కానీ మీరు చెప్పిన వరస, అంటే గోటి గాయం, కొన్నాళ్లు బాగుండటం, ఆ తర్వాత నిద్ర లేచే వేళకే నొప్పి రావడం, చూస్తే రికరెంట్ కార్నియల్ ఎరోజన్ అనిపిస్తోంది. కార్నియా మీది పైపొర పదేపదే ఊడి రావడమన్నమాట. కొత్త జబ్బేమీ కాదు. ఐరోపా వైద్యులు 1870లలోనే దీన్ని గుర్తించి రాశారు.

నల్లగుడ్డు మీద పారదర్శకంగా ఉండే పొరే కార్నియా. దాని మొత్తం మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అందులో అన్నిటికంటే పైన ఉండే ఎపిథీలియం మందం దాదాపు 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అందులో ఐదారు వరుసల కణాలుంటాయి. అట్టడుగు వరుస కణాలు కింది పొరను అతి సన్నని బంధాలతో పట్టుకుని ఉంటాయి. మీ మేనల్లుడి గోరు గీరినప్పుడు పై కణాలతో పాటు ఆ పట్టు కూడా దెబ్బతింది.

పైకి గాయం రెండు మూడు రోజుల్లోనే పూడుకుపోతుంది. పక్కనున్న కణాలు జరిగి వచ్చి ఖాళీని కప్పేస్తాయి. నొప్పి పోతుంది, డాక్టరు చూసినా మానినట్టే ఉంటుంది. కానీ ఆ కొత్త కణాలకు కింద గట్టి పట్టు రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మీ వైపు వరి నాట్లు చూసే ఉంటారు. నాటిన రోజే మడంతా నిండినట్టు కనిపిస్తుంది. కానీ వేరు పట్టకముందు రెండు వేళ్లతో లాగితే చాలు, మొక్క ఊడి చేతికొస్తుంది. మీ కంట్లో ఆ గోటి గాయం ఉన్నచోట కణాలు ఇంకా వేరు పట్టలేదు. ప్రతిసారీ పట్టు దొరికేలోపే మళ్లీ ఊడుతున్నాయి, లెక్క మొదటికొస్తోంది. గోరు, కాగితం అంచు, ఆకు కొస లాంటి పదునైన వాటితో అయిన గాయాలు ఇలా తిరగబెట్టడం ఎక్కువ.

మరి తెల్లవారుజామునే ఎందుకు? నిద్రలో కన్నీరు ఊరడం బాగా తగ్గిపోతుంది. రెప్ప లోపలి వైపు కార్నియాకు ఆనుకుని ఉంటుంది, మధ్యలో తడి పలచబడితే రెండూ అతుక్కుంటాయి. కళ్లు మూసుకుని ఉండటం వల్ల కార్నియాకు గాలి తక్కువగా అందుతుంది. దాంతో అది రాత్రంతా కొద్దిగా నీరు పట్టి ఉబ్బుతుంది, మూడు నాలుగు శాతం దాకా. ఇది అందరిలోనూ జరిగేదే, లేచాక గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంది. కానీ పట్టు వదులుగా ఉన్నచోట ఈ ఉబ్బు ఆ పొరను ఇంకాస్త వదులు చేస్తుంది. దీనికి తోడు కలలొచ్చే నిద్రలో కనుగుడ్లు రెప్పల కింద అటూ ఇటూ వేగంగా కదులుతాయి. ఆ రకం నిద్ర తెల్లవారే కొద్దీ ఎక్కువవుతుంది. ఇన్నీ కలిసిన వేళ మీరు చటుక్కున కన్ను తెరిస్తే రెప్పతో పాటు ఆ పొర లేచి వస్తుంది.

మీ వారికి ఈ పేరా చదివి వినిపించండి. మన ఒంట్లో కార్నియా అంత సున్నితమైన చోటు మరొకటి లేదు. అక్కడి నరాల కొసలు చర్మంలో కంటే కొన్ని వందల రెట్లు దట్టంగా ఉంటాయని అంచనా. ఆవగింజంత పొర లేచినా మనిషి మెలికలు తిరిగిపోతాడు. ఇక డాక్టరు 'కన్ను బాగానే ఉంది' అన్నది కూడా అబద్ధం కాదు. చిన్న గాయమైతే కొన్ని గంటల్లోనే మూసుకుపోతుంది. నాలుగింటికి ఊడిన పొర పదకొండింటికి కప్పుకుపోయి ఉంటుంది. మీరు చెప్పిందీ నిజమే, ఆయన చూసిందీ నిజమే, మధ్యలో ఏడు గంటలు గడిచిపోయాయి అంతే.

కాబట్టి ఈసారి నొప్పి వచ్చిన రోజు వంట సంగతి ఇంట్లో వాళ్లకు వదిలేసి, ఆసుపత్రి తలుపు తీసే వేళకే వెళ్లండి. ఒక్కరే వెళ్లకండి, మీ వారిని తోడు తీసుకెళ్లండి. కంట్లో ఫ్లోరెసిన్ అనే నారింజ రంగు మందు వేసి నీలి వెలుగులో చూస్తే పొర ఊడినచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. మీ వారు కూడా చూడగలిగితే మంచిది. నొప్పి ఏ తేదీన ఏ వేళకు వచ్చింది, ఎంతసేపు ఉంది, ముందు రోజు రాత్రి ఏం వాడారు అన్నది ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. నీళ్లు కారుతున్న కన్నును ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి. ఇది లోపలి గాయాన్ని చూపించదు గానీ మీ మాటకు తోడు నిలుస్తుంది. డాక్టరును రెండో కన్ను కూడా జాగ్రత్తగా చూడమని అడగండి. కొందరికి పుట్టుకతోనే ఆ అడుగు పొర అమరిక సరిగా ఉండదు, అలాంటివాళ్లకు ఏ దెబ్బా తగలకుండానే రెండు కళ్లలోనూ ఇలా జరగవచ్చు. అది ఉందో లేదో తెలిస్తే వైద్యం ఎంతకాలం అన్నది తేలుతుంది. షుగరు పరీక్ష ఈ మధ్య చేయించుకోకపోతే చేయించుకోండి. షుగరు ఉన్నవాళ్లలో కార్నియా గాయాలు ఆలస్యంగా మానతాయి.

ఇప్పుడు కళ్లు పొడిబారడం సంగతి. ఇది వేరే జబ్బని పక్కన పెట్టకండి. పొడిగా ఉన్న కంట్లోనే రెప్ప అతుక్కుంటుంది కాబట్టి, దీన్ని సరిచేయకుండా గాయాన్ని మానిపించడం కష్టం. మీ ఉత్తరంలోనే నాకు మూడు కారణాలు కనిపించాయి.

ఒకటి, రోజూ రాత్రి వేసుకునే సెట్రిజిన్. తుమ్ములను ఆపే ఈ రకం మాత్రలు చాలామందిలో కన్నీటినీ నోటి తడినీ తగ్గిస్తాయి. సరిగ్గా కన్నీరు తగ్గే వేళకే మీరు దాన్ని వేసుకుంటున్నారు. మీకు తుమ్ములు దుమ్ము వల్ల వస్తున్నాయి కాబట్టి, మాత్రకు బదులు ముక్కులో కొట్టుకునే స్ప్రే సరిపోతుందేమో మీ డాక్టరును అడగండి. గుడ్డ కత్తిరించేటప్పుడు మాస్కు కట్టుకుంటే సగం తుమ్ములు అసలు రావు.

రెండోది మీ వయసు. నెలసరి ఆగే వయసు దగ్గర పడే కొద్దీ ఆడవాళ్లలో కన్నీటి గ్రంథుల పని మందగిస్తుంది. దీన్ని ఆపలేం గానీ తెలుసుకుని సర్దుకోవచ్చు. నోరు కూడా బాగా ఎండిపోతూ, కీళ్ల నొప్పులు కూడా ఉంటే మాత్రం ఆ మాట డాక్టరుకు చెప్పండి. కీళ్లవాతంలోనూ, షోగ్రెన్స్ అనే జబ్బులోనూ కళ్లు ఎండిపోతాయి. దానికి రక్త పరీక్షలున్నాయి.

మూడోది మీ పని. మామూలుగా మనం నిమిషానికి పదిహేను సార్ల దాకా రెప్ప వేస్తాం. సూది మీదో ఫోన్ మీదో దృష్టి నిలిపితే అది సగానికి, ఇంకా కిందికీ పడిపోతుంది. మగ్గం మీద పూసలు కుట్టేటప్పుడు మీరు ఊపిరి బిగబట్టి, రెప్ప వేయకుండా చూస్తూ ఉండిపోతారు. నా దగ్గరికి వచ్చే కుట్టుపని వాళ్లందరిలోనూ ఇది చూస్తాను. పెళ్లిళ్ల సీజన్‌లో అర్ధరాత్రి దాకా కుట్టి, లైటు ఆర్పిన మరుక్షణం పడుకుంటే ఆ కళ్లకు తడి తిరిగి ఊరే వ్యవధే ఉండదు. పని మానేయమని చెప్పను, అది మీ సంపాదన. పడుకునే ముందు గంటసేపైనా సూది పక్కన పెట్టండి, ఆ గంటలో ఫోన్ పట్టుకోకండి. కుట్టేటప్పుడు దారం మార్చిన ప్రతిసారీ నాలుగైదు సార్లు రెప్పలు పూర్తిగా మూసి తెరవండి. దారం ఎలాగూ మారుస్తారు కాబట్టి వేరే గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

నాలుగోది మీరు రాయలేదు గానీ నేనే అడుగుతాను. మీ పడక ఫ్యాను కిందే ఉందా? మన ఇళ్లలో దాదాపు అందరి మంచాలూ ఫ్యాను కిందే ఉంటాయి. కూలరో ఏసీయో ఉంటే దాని గాలి నేరుగా మొహానికే తగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను ఆపమనడం కుదిరే మాట కాదు. తల దిండు మంచానికి రెండో వైపుకు మార్చి, గాలి కాళ్ల మీద పడేలా చూసుకోండి. మరొక్క పని, మీ వారు చేయాల్సింది. మీరు గాఢ నిద్రలో ఉన్నప్పుడు మసక వెలుతురులో రెప్పలు పూర్తిగా మూసుకున్నాయో లేదో చూడమనండి. కొందరికి నిద్రలో కింద సన్నని సందు మిగిలిపోతుంది, తెల్లగుడ్డు గీతలా కనిపిస్తుంది. వాళ్లకు తెలియనే తెలియదు. ఆ సందులోంచి రాత్రంతా కన్ను ఆరిపోతుంది. అలా ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. రాత్రిపూట తడి నిలిపే కళ్లజోడు పెట్టుకోవడం, రెప్పను మైక్రోపోర్ టేపుతో మెల్లగా మూసి ఉంచడం వంటి తేలిక ఉపాయాలున్నాయి. టేపు వేసే తీరు ఒకసారి ఆసుపత్రిలో చూపించుకున్నాకే ఇంట్లో వేసుకోండి. మనిషి లావుగా ఉండి గట్టిగా గురక పెడితే అది కూడా చెప్పాలి. అలాంటివాళ్లలో కొందరికి పైరెప్ప వదులుగా ఉండి, దిండుకు రాసుకుని నిద్రలోనే తిరగబడుతుంది.

పడుకునే ముందు చేయవలసింది ఇది. పగలు వాడేవి పలచని కన్నీటి చుక్కలు, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్‌ గానీ సోడియం హైలురోనేట్‌ గానీ. ఇవి రాత్రంతా నిలవవు. రాత్రికి చిక్కని జెల్ గానీ, పారఫిన్ ఉండే ఆయింట్‌మెంట్ గానీ కావాలి. అద్దం ముందు కూర్చుని కిందిరెప్పను కొద్దిగా లాగి, ట్యూబు కొస కంటికి తగలకుండా బియ్యపు గింజ పొడవున ఆయింట్‌మెంట్ పెట్టి కన్ను మూయండి. ఆ తర్వాత చూపు మసకబారుతుంది కాబట్టి తలుపులు, గ్యాసు అన్నీ చూసుకున్నాకే, దీపం ఆర్పబోయే ముందు పెట్టుకోండి. రోజుకు నాలుగైదు సార్లకు మించి చుక్కలు వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి. మందు పాడవకుండా కలిపే ఆ రసాయనం ఉన్న చుక్కలు పదేపదే పడితే ఆ లేత పొరకే మంచిది కాదు. మామూలు సీసా అయితే మూత తీసిన నెలకు పారేయాలి, సగం మిగిలినా సరే.

కొందరికి డాక్టర్లు 5 శాతం సోడియం క్లోరైడ్ ఉన్న చుక్కలో ఆయింట్‌మెంటో రాస్తారు. రాత్రి కార్నియా పట్టే నీటిని అది లాగేస్తుంది. వేయగానే కొంచెం మండుతుంది, భయపడకండి. కొందరికి ఇది బాగా పనిచేస్తుంది, కొందరికి మామూలు ఆయింట్‌మెంట్‌కూ దీనికీ తేడా కనిపించదు. ఉప్పే కదా అని ఇంట్లో ఉప్పునీళ్లు కలిపి మాత్రం వేసుకోకండి.

ఇక లేచే పద్ధతి. నా దృష్టిలో మందుతో సమానమైన సగం వైద్యం ఇదే. చుక్కల సీసా దిండు పక్కనే చేతికి తగిలేచోట పెట్టుకోండి. మెలకువ రాగానే కళ్లు తెరవకండి. ఇది నేర్చుకోవడానికి కొన్నాళ్లు పడుతుంది, అలారం మోగితే ఉలిక్కిపడి తెరిచేస్తాం కాబట్టి అలారం శబ్దం మెల్లగా ఉండేది పెట్టుకోండి. కళ్లు మూసుకునే ఉండి, ముక్కు పక్కనున్న కంటి మూలలో రెండు చుక్కలు వేసుకోండి. రెప్పల కింద కనుగుడ్లను చాలా నెమ్మదిగా అటూ ఇటూ కదపండి, తడి లోపలికి పాకుతుంది. ఒక నిమిషం ఆగండి. ఆ తర్వాత మెల్లగా తెరవండి. అర్ధరాత్రి బాత్‌రూమ్‌కు లేచినా ఇదే పద్ధతి. నిద్ర లేవగానే కళ్లు నలుపుకోవడం, దోసిట్లో నీళ్లు పట్టి తెరిచిన కంట్లోకి చల్లుకోవడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రెండూ పూర్తిగా మానేయండి. ఆ నీళ్ల దెబ్బకు వదులుగా ఉన్న పొర లేస్తుంది, ఉన్న కాస్త కన్నీరూ కొట్టుకుపోతుంది. మొహం కడుక్కునేటప్పుడు కళ్లు మూసుకుని తడి గుడ్డతో అద్దుకుంటే చాలు.

వీటిని ఎన్నాళ్లు చేయాలి? నొప్పి చివరిసారి వచ్చిన రోజు నుంచి లెక్కేసి కనీసం మూడు నెలలు, చాలామందికి ఆరు నెలలు. మీకు ఇప్పటికే పలుమార్లు తిరగబెట్టింది కాబట్టి ఆరు నెలలనే అనుకోండి. 'బాగానే ఉంది కదా, ఇవాళ ఆయింట్‌మెంట్ ఎందుకు' అనిపించే రాత్రులు వస్తాయి. ఆ రాత్రుల్లోనే కింద పట్టు ఏర్పడుతూ ఉంటుంది. దయచేసి అప్పుడు మానకండి.

రెప్పల అంచుల్లో నూనె గ్రంథులుంటాయి. కన్నీరు త్వరగా ఆరిపోకుండా చూసేది వాటి నూనే. అవి మూసుకుపోయి ఉంటే డాక్టరు గోరువెచ్చని కాపడం చెబుతారు. శుభ్రమైన గుడ్డ గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద ఐదు పది నిమిషాలు ఉంచాలి. ఒత్తి రుద్దకూడదు, నొప్పి ఉన్న రోజుల్లో అసలు చేయకూడదు. కాటుక రెప్ప లోపలి అంచుకు పెట్టే అలవాటుంటే ఈ ఆరు నెలలూ వద్దు. చేప నూనె గుళికల మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. అమెరికాలో జరిగి 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, పొడి కళ్లవాళ్లకు ఏడాది పాటు చేప నూనె ఇచ్చినా, ఆలివ్ నూనె ఇచ్చినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కూరలో చేప తింటే మంచిదే, అది వేరే సంగతి.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే విషయానికి వస్తాను. కోపం మీ మీద కాదు, చీటీ లేకుండా కంటి చుక్కలు చేతిలో పెట్టే అలవాటు మీద. ఎరుపు ఇట్టే తగ్గించే ఆ సీసా ఇవాళే తీసి చూడండి. దాని మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథలోన్ అనే పేర్లలో ఏదున్నా అది స్టెరాయిడ్. ఎరుపూ వాపూ తగ్గిస్తుంది కాబట్టి సుఖంగానే ఉంటుంది. కానీ ఇష్టమొచ్చినట్టు నెలల తరబడి వేసుకుంటే కంటి ప్రెజర్ పెరిగి చూపు నరం దెబ్బతినవచ్చు, శుక్లం త్వరగా రావచ్చు. గాయం ఉన్న కంట్లో సూక్ష్మక్రిములు చేరితే వాటికి అడ్డు లేకుండా పోతుంది. మీరు చూపు గురించి భయపడ్డారు కదా, ఈ గాయం కంటే ఆ సీసా గురించే నాకు ఎక్కువ భయం. ఆ పేర్లలో ఏదైనా కనిపిస్తే సీసాను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఎన్నాళ్లుగా, ఎన్నిసార్లు వాడారో దాచకుండా చెప్పండి, కంటి ప్రెజర్ కొలవమని అడగండి. ఈ జబ్బులోనే డాక్టర్లు ఒక్కోసారి కొద్ది రోజులు స్టెరాయిడ్ చుక్కలు రాస్తారు. కానీ అది కంటిని చూసి, క్రిములు లేవని తేల్చుకుని, ఎప్పుడు ఆపాలో చెప్పి ఇచ్చేది. ఇంకో మందు గురించి కూడా చెప్పాలి. పరీక్ష చేసేటప్పుడు నొప్పి తెలియకుండా ఒక చుక్క వేస్తారు, వేసిన క్షణంలో ప్రాణం లేచి వస్తుంది. ఆ మందు ఇంటికి ఇమ్మని బతిమాలేవాళ్లున్నారు. ఇవ్వకూడదు, వాడకూడదు. పదేపదే వేస్తే గాయం మానడం ఆగిపోయి కార్నియా కరిగిపోయే దాకా వెళుతుంది.

మీ అత్తయ్య గారు ప్రేమతోనే ఆముదం చెప్పారు, ఆవిడను నొప్పించకండి. వాళ్ల కాలంలో ఊళ్లో కంటి డాక్టరు ఉండేవాడు కాదు, ఇంట్లో ఉన్నదే మందు. కానీ ఆముదం గానీ, చనుబాలు గానీ, నందివర్ధనం పసరు గానీ, తేనె గానీ గాయమున్న కంట్లో పడకూడదు. వీటిలో ఏదీ క్రిములు లేని మందు కాదు. ఊడిన పొర కింద క్రిమి చేరితే కార్నియా మీద పుండు పడుతుంది, అది మానినా తెల్లని పువ్వు మిగిలిపోతుంది. ఆవిడకు ఈ పువ్వు మాట చెప్పండి, ఆ తరం వాళ్లు పువ్వు వేసిన కళ్లను చూసే ఉంటారు. వేడి చేయడం వల్ల ఇది రాలేదు కాబట్టి పథ్యం ఏమీ అక్కర్లేదు.

మీ ఉత్తరానికి నేరుగా సంబంధం లేకపోయినా, ఇది చదివే రైతులకూ కూలీలకూ ఒక మాట. వరి కోతలో ఆకు కొస, చెరకు ఆకు, పత్తి కట్టె, పశువు తోక కంటికి తగిలితే అది ఈ సోదరి రాసిన రకం గాయమని అనుకుని ఇంట్లో ఉండకండి. మన వాతావరణంలో అలాంటి దెబ్బలతో ఫంగస్ కార్నియాలోకి వెళ్లడం మామూలుగా జరిగేదే. మొదట నొప్పి తక్కువగానే ఉండి, వారం తర్వాత తెల్లమచ్చ కనిపిస్తుంది. అందులో స్టెరాయిడ్ చుక్కలు పడితే కన్ను దక్కడం కష్టం. గుడ్డతో, నాలుకతో నలుసు తీసేవాళ్ల దగ్గరికి కూడా వెళ్లొద్దు.

చుక్కలూ ఆయింట్‌మెంటూ శ్రద్ధగా వాడినా మళ్లీ మళ్లీ వస్తే ఏముంది అంటే, చాలానే ఉంది. పలచని బ్యాండేజ్ కాంటాక్ట్ లెన్స్ కొన్ని వారాల పాటు పెట్టి ఉంచుతారు, రెప్ప రాపిడి గాయానికి తగలదు. దానితో పాటు క్రిములు చేరకుండా చుక్కలు వేసుకుంటూ, చెప్పిన రోజుకల్లా డాక్టరుకు చూపించుకుంటూ ఉండాలి. డాక్సీసైక్లిన్ మాత్రలు కొన్ని వారాలు ఇస్తారు. ఇది యాంటీబయాటిక్ అయినా ఇక్కడ పని వేరు, ఆ అడుగు బంధాలను కరిగించే ఎంజైములను అదుపు చేస్తుంది. గర్భిణులు వాడకూడదు. వేసుకున్నప్పుడు గ్లాసుడు నీళ్లు తాగి, వెంటనే పడుకోకుండా ఉండాలి. మన రక్తం నుంచే తీసిన సీరంతో చుక్కలు తయారుచేసి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. కన్నీరు బయటికి పోయే రంధ్రాలకు చిన్న బిరడాలు పెట్టి కంట్లోనే తడిని నిలపవచ్చు.

ఇవీ చాలకపోతే చిన్న శస్త్రచికిత్సలున్నాయి. వదులుగా ఉన్న పొరను తీసేసి అడుగును వజ్రపు పొడి అద్దిన సన్నని పరికరంతో నున్నగా చేస్తే, కొత్త పొర గట్టిగా పట్టుకుని పెరుగుతుంది. సన్నని సూదితో అక్కడక్కడా గుచ్చి పట్టు కల్పించే పద్ధతి ఉంది గానీ, అది చిన్న మచ్చలు వదులుతుంది కాబట్టి చూపు మధ్యలో చేయరు. ఎక్సైమర్ లేజర్‌తో కొన్ని మైక్రాన్ల మేర పైభాగాన్ని సరిచేసే పీటీకే అనే పద్ధతి ఉంది. ఎక్కువమందికి దీనితో బాధ తీరుతుంది, కొందరికి మళ్లీ రావచ్చు కూడా. ఇవన్నీ మత్తు చుక్కలతోనే చేస్తారు, ఆసుపత్రిలో ఉండనక్కర్లేదు. చేసిన తర్వాత మూడు నాలుగు రోజులు నొప్పి ఉంటుందని ముందే తెలిసి ఉండటం మంచిది. మీరు ఇంకా రాత్రి ఆయింట్‌మెంట్ క్రమంగా వాడి చూడలేదు కాబట్టి, మొదటి రోజే లేజర్ అంటే ఒప్పుకోనక్కర్లేదు. ఎందుకని అడగండి.

ఈసారి మామూలు కంటి డాక్టరు కాకుండా కార్నియా నిపుణులకు చూపించుకోండి. మీకు దగ్గర్లో విజయవాడ తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు నోటు పుస్తకం, ఇప్పటిదాకా వాడిన సీసాలు, మాత్రల అట్టలు అన్నీ సంచిలో వేసుకెళ్లండి.

నొప్పి వచ్చిన పూట ఇంట్లో ఏం చేయాలో కూడా చెప్పి ముగిస్తాను. కన్ను నలపకండి. కన్నీటి చుక్కలు వేసి, కన్ను మూసుకుని, వెలుతురు తక్కువగా ఉన్న గదిలో తల కాస్త ఎత్తులో పెట్టుకుని పడుకోండి. మీకు పడేదైతే ఒక పారాసిటమాల్ వేసుకోవచ్చు. దూది పెట్టి గట్టిగా కట్టు కట్టకండి, దానివల్ల గాయం త్వరగా మానదు. నొప్పి రోజు గడిచినా తగ్గకపోయినా, గంటగంటకూ పెరుగుతున్నా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా, చీము లాంటి పుసి వచ్చినా, చూపు మసకబారి అలాగే ఉండిపోయినా, రాత్రి అయినా ఆదివారం అయినా ఆ పూటే వెళ్లాలి. బ్యాండేజ్ లెన్స్ పెట్టిన రోజుల్లో అయితే కన్ను ఎర్రబడినా చాలు, వెంటనే వెళ్లాలి.

ఇవాళ రాత్రే దిండు వైపు మార్చండి, చుక్కల సీసా పక్కన పెట్టుకోండి. ఆ షాపు సీసా మీద ఏ పేరు రాసి ఉందో, మీ వారు చూసినప్పుడు రెప్పలు మూసుకున్నాయో లేదో, కార్నియా డాక్టరు గారు ఏమన్నారో మళ్లీ ఉత్తరం రాయండి.